ఇంటి వెనుక ఫంక్షన్ హాల్, సందు మొదట్లో రూఫ్‌టాప్ రెస్టారెంట్: కేసు పెట్టాలా, సర్దుకోవాలా?

మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. హనుమకొండలో హంటర్ రోడ్డు నుంచి లోపలికి వచ్చే సందులో, లోన్ మీద కొనుక్కున్న ఫ్లాట్, రెండో అంతస్తు. వెనుక గోడ అవతల ఫంక్షన్ హాల్, దానికి లాన్. సందు మొదట్లో ఈమధ్యే రూఫ్‌టాప్ రెస్టారెంట్ పెట్టారు. అమ్మకు గుండె ఆపరేషన్ అయింది, పాప ఇంటర్ సెకండియర్. 100కు నాలుగుసార్లు ఫోన్ చేశారు, పోలీసులు వచ్చినప్పుడు ఆపుతున్నారు, బండి మలుపు తిరగగానే మళ్ళీ పెడుతున్నారు. కేసు వేయాలా, ఇల్లు కిరాయికి ఇచ్చి వేరేచోటికి పోవాలా, ఊరు పెరుగుతుంటే ఇవన్నీ తప్పవని ఊరుకోవాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఇల్లు వదలకండి. కేసు ఇప్పుడే వద్దు, కానీ రేపు కేసు వేయాల్సి వస్తే కావాల్సిన కాగితాలు ఈరోజు నుంచే పోగు చేయండి. ఈలోపు డీజే అబ్బాయితో కాదు, పెండ్లివాళ్ళతో కాదు, హాల్ ఓనర్‌తో కూర్చుని మూడే మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: పాట ఎన్ని గంటలకు ఆగుతుంది, బేస్ (ధుమ్ ధుమ్ అని అదిరే లోతు శబ్దం) ఎంతకు మించదు, వాల్యూమ్ తాళం ఎవరి చేతిలో ఉంటుంది. రాత్రి 10 గంటల గీత మీద మాత్రం ఎవరితోనూ బేరం ఆడకండి.

ఇది పుస్తకం చూసి చెప్పేది కాదు. నేను ఇరవై రెండేళ్లుగా సౌండ్ పనిలోనే ఉన్నాను. మొదట్లో టెంట్ హౌస్‌లో మైక్ సెట్లు మోసేవాణ్ణి, తర్వాత సొంతంగా డీజే బాక్సులు, డీసీఎం వ్యాన్ మీద బరాత్‌లు, అంటే పెండ్లి ఊరేగింపులు, చేశాను. పదేళ్ల కింద బరాత్‌లు మానేసి, ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళకు, హోటళ్ళకు సౌండ్ బిగించే పని చేస్తున్నాను. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు చోట్లా చేశాను, కరీంనగర్, జనగామ వైపు కూడా పోతుంటాను. అంటే మీకు నిద్ర లేకుండా చేసే డబ్బాలు ఎలా పనిచేస్తాయో నాకు లోపలినుంచి తెలుసు.

మీ సమస్య వాల్యూమ్ కంటే ఎక్కువగా బేస్. మీరు రాసిన ఒక మాటతోనే తెలిసిపోయింది: "పాట వినపడదు, కానీ మంచం అదురుతుంది" అన్నారు. పాడేవాళ్ళ గొంతు, క్లారినెట్, ఇవన్నీ గోడకు, కిటికీకి తగిలి చాలావరకు ఆగిపోతాయి. బేస్ కోసమే పెట్టే సబ్ బాక్సుల నుంచి వచ్చే ధుమ్ ధుమ్ అట్లా ఆగదు. 60 హెర్ట్జ్ శబ్దపు ఒక్కొక్క అల ఐదున్నర మీటర్లకు పైనే పొడవుంటుంది. అంత పెద్ద అలకు మీ కాంపౌండ్ గోడ లెక్కే కాదు, దాని మీద నుంచి, పక్కల నుంచి తిరిగి వచ్చేస్తుంది, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలోంచి కూడా ఎంతో కొంత దూరుతుంది. అందుకే కిటికీకి మందపాటి కర్టెన్ వేసుకున్నా ఏం మారలేదు, మారదు కూడా.

దీనికి ఇంకో చిక్కు ఉంది. అధికారులు కొలిచే మీటర్ సాధారణంగా డెసిబెల్ 'ఎ' స్కేల్‌లో చూపిస్తుంది. అది మనిషి చెవికి తగ్గట్టు చేసిన స్కేల్, తక్కువ ఫ్రీక్వెన్సీలను బాగా తగ్గించి లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గరైతే ఏకంగా 26 డెసిబెల్స్ తీసేసి చూపిస్తుంది. అంటే మీ మంచం అదురుతున్నా మీటర్ మాత్రం మామూలుగా ఉందని చెప్పొచ్చు. ఇది తెలియక చాలా కాలనీలవాళ్ళు "మీటర్ తెచ్చి కొలిచారు, అంతా సక్రమమేనన్నారు" అని నీరసపడిపోతారు. కొలవడానికి ఎవరైనా వస్తే, బేస్‌ను అంతగా తగ్గించని 'సి' స్కేల్‌లో కూడా చూపించమని అడగండి. చట్టంలోని పరిమితి 'ఎ' స్కేల్‌కే ఉంటుంది, అయినా రెండు అంకెల మధ్య తేడా పెద్దగా ఉంటే గొడవంతా బేస్‌తోనే అని ఓనర్ ముందు నిరూపించొచ్చు. నేను చాలా హాళ్ళలో ఈ ఒక్క లెక్కతోనే ఓనర్లను ఒప్పించాను, ఎందుకంటే బేస్ తగ్గించమంటే దావత్ చెడిపోతుందన్న భయం వాళ్ళకు ఉండదు, పాట అట్లాగే వినపడుతుంది కదా.

దూరం సంగతి కూడా చెప్పాలి. "మేము నీ ఇంటికి 80 మీటర్ల దూరంలో ఉన్నాం, అంత దూరం ఏం వస్తుంది" అంటారు. ఆరుబయట శబ్దం దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బాక్సుకు 5 మీటర్ల దగ్గర 100 ఉంటే 10 మీటర్లకు 94, 20కి 88, 40కి 82, 80 మీటర్లకు 76. లాన్‌లో పెట్టే డీజే 5 మీటర్ల దగ్గర 100 అనేది నా అనుభవంలో పెద్ద చప్పుడేం కాదు. మధ్యలో గోడలు, బిల్డింగ్‌లు ఉంటే ఇంకా తగ్గుతుంది, నిజమే, కానీ రాత్రిపూట నేల చల్లబడి పైన గాలి వెచ్చగా ఉంటే శబ్దం కిందికి వంగి ఇంకా దూరం పోతుంది. రోడ్డు మీద బండ్ల చప్పుడు కూడా ఉండదు కాబట్టి పగలు వినపడనిది రాత్రి వినపడుతుంది. ఎక్కడో వడ్డేపల్లి చెరువు అవతల పెట్టిన మైకు ఇవతలికి స్పష్టంగా రావడం మీరూ వినే ఉంటారు.

ఇక చట్టం. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద. వాటి ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పగలు, 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే పోలీసుల నుంచి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 తర్వాత ఆరుబయట పెట్టడానికే లేదు. సుప్రీంకోర్టు 2005 జూలైలో ఇచ్చిన తీర్పులో ప్రశాంతంగా బతకడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

ఇక్కడ హాల్ ఓనర్లు చెప్పే మాటలు రెండున్నాయి, రెండింటికీ జవాబు తెలిసి ఉండండి.

ఒకటి, "మాది మూసి ఉన్న హాల్, 10 గంటల రూల్ మాకు లేదు" అంటారు. సగం నిజం. మూసి ఉన్న ఆడిటోరియం, కమ్యూనిటీ హాల్, బాంక్వెట్ హాల్ లోపల లోపలివాళ్ళ కోసం రాత్రి కూడా పెట్టుకోవచ్చని నిబంధనలోనే ఉంది. కానీ లాన్ మూసి ఉన్నది కాదు, పైన రేకులు వేసి చుట్టూ ఖాళీగా వదిలిన షెడ్డు మూసి ఉన్నది కాదు, రూఫ్‌టాప్ అసలే కాదు. నిజంగా మూసి ఉన్నా సరే, ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి కంటే 5 డెసిబెల్స్‌కు మించి ఉండకూడదు. మీది నివాస ప్రాంతమైతే రాత్రి మీ వెనుక గోడ దగ్గర 50 దాటొద్దు. కొలవాల్సింది వాళ్ళ స్టేజీ దగ్గర కాదు, ఆ గోడ దగ్గర.

రెండోది, "పండుగలకు 12 దాకా పర్మిషన్ ఉంది" అంటారు. రాష్ట్ర ప్రభుత్వం సంవత్సరంలో మొత్తం 15 రోజులకు మించకుండా, సాంస్కృతిక, మతపరమైన పండుగ రోజుల్లో 12 వరకు సడలించొచ్చు. అది ప్రభుత్వం ప్రకటించే రోజులకే. ఎవరి కొడుకు రిసెప్షనో, ఎవరి పుట్టినరోజో ఆ లెక్కలోకి రాదు.

మీరు సైలెన్స్ జోన్ గురించి కూడా అడిగారు, సందులో రెండు నర్సింగ్ హోంలు ఉన్నాయని. ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లు అనేది అందరికీ తెలిసిన మాటే. అయితే 2017లో సవరణ వచ్చాక, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనే ఆ ప్రాంతం సైలెన్స్ జోన్ అవుతుంది. కాబట్టి బోర్డు చూసి దాని మీదే మీ వాదన నిలబెట్టకండి. నివాస ప్రాంతం, 10 గంటలు, సరిహద్దు గోడ, ఈ మూడే మీకు గట్టి ఆధారం.

పబ్‌ల గురించి 2022 సెప్టెంబర్‌లో జూబ్లీహిల్స్ వాసులు వేసిన కేసులో మన హైకోర్టు రాత్రి 10 తర్వాత మ్యూజిక్ వద్దని చెప్పడం, ఆ తర్వాత డివిజన్ బెంచ్ దాన్ని కొన్ని పబ్‌లకే పరిమితం చేయడం మీరు పేపర్లో చదివే ఉంటారు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు. అంటే కోర్టుకు పోతే ఫలితం రాదని కాదు. కానీ కోర్టుకు పోయినవాళ్ళకు డబ్బు, ఓపిక, వెనుక కాలనీ మొత్తం ఉండాలి. మీరు ఒక్కరే పోతే ఏళ్ళు పడుతుంది, ఈలోపు పాప ఇంటర్ అయిపోయి డిగ్రీ కూడా అయిపోతుంది.

అందుకే ఓనర్‌ను పట్టుకోమంటున్నాను. ఆ రాత్రి అక్కడ ఎవరెవరు ఉంటారో ఒకసారి చూడండి. పెండ్లివాళ్ళకు అది ఒక్కరోజు సంబరం, మళ్ళీ ఆ సందుకు రారు. డీజే అబ్బాయి రెండు మూడు వేల కూలికి వచ్చి ఉంటాడు, పెండ్లికొడుకు దోస్తులు "పెంచు అన్నా" అంటే పెంచుతాడు, పెంచకపోతే డబ్బులు కోస్తారు. పోలీసులు వచ్చిపోతారు, వాళ్ళకు ఆ రాత్రి ఇంకా పది పిలుపులు ఉంటాయి. రేపు పొద్దున కూడా అక్కడే ఉండేది ఇద్దరే, మీరు, హాల్ ఓనర్. అతని ట్రేడ్ లైసెన్స్ ఏటేటా కార్పొరేషన్‌లో రెన్యూవల్ కావాలి, ఫైర్ కాగితాలు కావాలి, పార్కింగ్ సందులోకి రాకుండా చూసుకోవాలి, ఇన్ని అవసరాలున్న మనిషి చుట్టుపక్కలవాళ్ళతో లొల్లి కోరుకోడు. నేను పనిచేసిన ఓనర్లలో నిజంగా మొండివాళ్ళు ఇద్దరు ముగ్గురు కంటే ఎక్కువ లేరు. మిగతావాళ్ళకు ఏం చేయాలో తెలియదు, అంతే. "తగ్గించు" అంటే డీజే అబ్బాయికి చెప్తారు, అతను యాంప్లిఫైయర్ పవర్ సగానికి సగం తగ్గిస్తాడు, అది 3 డెసిబెల్స్ తగ్గినట్టు, మీ చెవికి తేడా పెద్దగా తెలియదు. మీరు వాళ్ళు మోసం చేశారనుకుంటారు, వాళ్ళు మీరు ఎంత చేసినా తృప్తిపడరనుకుంటారు. గొడవ ఇక్కడే ముదురుతుంది. చెవికి సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి.

మూడేళ్ల కింద ఒక హాల్‌లో జరిగింది చెప్తాను, ఊరి పేరు వద్దు. మీలాగే వెనుక కాలనీ, మీలాగే లాన్. కాలనీవాళ్ళు కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు పెట్టారు, ఓనర్ నన్ను పిలిచాడు. పోయి చూస్తే స్టేజీ రోడ్డు వైపు ఉంది, బాక్సులు మాత్రం నేరుగా కాలనీ ముఖానే చూస్తున్నాయి. మేం చేసిన పని పెద్దదేం కాదు. స్టేజీని కాలనీ వైపు గోడకు మార్చి బాక్సుల ముఖం రోడ్డు వైపు తిప్పాం, దాంతో పాట తగ్గింది. సబ్ బాక్సులు ఎటు తిప్పినా అన్నివైపులా కొడతాయి కాబట్టి వాటిని లాన్‌లోంచి తీసేసి హాల్ లోపల మాత్రమే పెట్టుకోమన్నాం, అది కూడా నాలుగు కాదు రెండు. ఇక హాల్‌కు సొంత లిమిటర్, అంటే శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే పరికరం, బిగించి, బయటి డీజే ఎవరు వచ్చినా దాని గుండానే పోవాలని పెట్టాం. ఆ లిమిటర్ డబ్బా ఆఫీసు గదిలో, తాళం మేనేజర్ దగ్గర. డీజే అబ్బాయి మిక్సర్ మీద ఎంత పెంచినా అది దాటదు. నిజానికి దీంతో అందరికంటే సంతోషపడ్డది డీజే అబ్బాయిలే, "నా చేతిలో లేదన్నా, హాల్ వాళ్ళదే" అని చెప్పుకోవడానికి వాళ్ళకు ఒక మాట దొరికింది. 9:45కు డీజే బంద్, తర్వాత సన్నాయి రికార్డు చిన్నగా, భోజనాలు అయ్యేదాకా. ఇట్లా చేస్తే బుకింగ్‌లు పోతాయని ఓనర్ భయపడ్డాడు, మొదటి సీజన్‌లో రెండు మూడు పోయాయి కూడా. తర్వాత పెద్దవాళ్ళున్న కుటుంబాలు అదే హాల్ కావాలని రావడం మొదలుపెట్టాయి, మాటలు వినపడతాయి, ముసలివాళ్ళు కూర్చోగలరు అని.

పాట ఆగితే అయిపోయిందనుకున్నారు కాలనీవాళ్ళు. కాలేదు. సంగీతం ఆగిన తర్వాతి రెండు గంటలు అంతకంటే ఎక్కువ నిద్ర చెడగొడతాయి, దీన్ని ఎవరూ ముందే రాయించుకోరు. క్యాటరింగ్ వాళ్ళు 12 గంటలకు గిన్నెలు కడగడం, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడేయడం, టెంట్ సామాను లారీకి ఎత్తడం, సైలెన్సర్ మార్చిన బైకులు, సందులో నిలబడి వీడ్కోలు మాటలు, జనరేటర్. అక్కడ మళ్ళీ కూర్చున్నాం. సామాను ఎత్తడం పొద్దున 6 తర్వాతనే, గిన్నెలు రోడ్డు వైపు కొళాయి దగ్గరే, కుర్చీల కాళ్ళకు రబ్బరు, సందు మొదట్లో 11:30 దాకా ఒక వాచ్‌మన్. జనరేటర్‌కు సరైన డబ్బా ఉందో లేదో చూశాం, 2005 నుంచి తయారైన డీజిల్ జనరేటర్లకు ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ పరిమితి ఉంది, ఎప్పటిదో తలుపులు ఊడిపోయిన పాతది పెట్టుకుని నడిపిస్తున్నారు. అది మార్చడానికే అన్నిటికంటే ఎక్కువ ఖర్చయింది.

రూఫ్‌టాప్ రెస్టారెంట్ సంగతి దీనికంటే సులువు. పైన రెండు పెద్ద బాక్సులు పెట్టి చివరి టేబుల్‌కు వినపడాలని గట్టిగా వాయిస్తారు, మొదటి టేబుల్ వాళ్ళు మాట్లాడుకోలేరు, పక్క ఇళ్ళవాళ్ళు పడుకోలేరు. అదే పది పన్నెండు చిన్న స్పీకర్లు తల మీద, ప్రతి రెండు టేబుళ్ళకు ఒకటి, కిందికి చూస్తూ బిగిస్తే చాలా తక్కువ వాల్యూమ్‌తో అందరికీ వినపడుతుంది, గోడ దాటి పెద్దగా పోదు. బేస్ బాక్సు స్లాబ్ మీద నేరుగా పెట్టారేమో చూడమనండి, పెడితే ఆ అదురు పిల్లర్లలోంచి కింది అంతస్తులకు దిగుతుంది, కింద మందపాటి రబ్బరు ప్యాడ్‌లు వేయాలి, అసలు తీసేస్తే ఇంకా మంచిది. బిర్యానీ తినడానికి వచ్చినవాళ్ళకు సబ్ ఎందుకు చెప్పండి. ఈ మార్పు ఎవరైనా సౌండ్ వాళ్ళు ఒక రోజులో చేసేస్తారు. ఆ రెస్టారెంట్ పెట్టినవాళ్ళు మీరు రాసినదాన్ని బట్టి కుర్రవాళ్ళు, ఉద్యోగాలు వదిలి వచ్చి పెట్టుకున్నారన్నారు. వాళ్ళతో కోపంగా మాట్లాడకండి. ఈ ఊళ్ళో రాత్రి తొమ్మిది దాటాక కుటుంబంతో కూర్చుని తినడానికి ఒక చోటు ఉండటం మంచి విషయమే, పదేళ్ల కింద ఇంత లేదు, అందులో వంటవాళ్ళు, వెయిటర్లు పదిమంది బతుకుతున్నారు.

బరాత్ గురించి అడిగారు, అది మాత్రం వేరే లెక్క. హాల్‌కు ఓనర్ ఉంటాడు, డీసీఎం మీద పోయే డీజేకు ఆ సందులో ఓనర్ ఎవరూ ఉండరు. దాని మీద నేను చెప్పగలిగింది ఒక్కటే. అది వచ్చినప్పుడు అడ్డం పోకండి, తాగినవాళ్ళు ఉంటారు, ఒక కాలనీలో పెద్దమనుషులు అడ్డం నిలబడి చివరికి రెండువైపులా కేసులయ్యాయి. 100కు చెప్పండి, బండి నంబర్ రాసుకోండి, మరుసటి రోజు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. అనుమతి లేకుండా తిరిగే బండ్ల మీద స్టేషన్‌వాళ్ళకు నంబర్లు దొరికితేనే పని అవుతుంది.

బరాత్‌లు నేనెందుకు మానేశానో చెప్తే మీకు ఇంకో విషయం అర్థమవుతుంది. ఒక రాత్రి 11 దాటాక ఒక కాలనీలో బండి ఆపి వాయిస్తున్నాం. ఒకాయన ఇంట్లోంచి బయటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. దగ్గరికి వచ్చి నా చెవి దగ్గర అడిగాడు, "ఇంకా ఎంతసేపు ఉంటరన్నా? టైము చెప్తే లోపల నాయినకు చెప్త." వాళ్ళ నాన్నకు పక్షవాతం, చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడట, ఎంతసేపో తెలిస్తే చేయి పట్టుకుని కూర్చుంటానన్నాడు. నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే నాకూ తెలియదు, పెండ్లికొడుకు దోస్తులు ఎప్పుడు ఆపమంటే అప్పుడు. బండి అక్కడే బంద్ చేశాను. ఆ రాత్రి డబ్బులు సగమే ఇచ్చారు, మాటలు కూడా పడ్డాను. కానీ ఆయన అడిగిన ప్రశ్న పోలేదు. చప్పుడు ఎంత అనేదానికంటే, ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడమే మనిషిని ఎక్కువ పరేషాన్ చేస్తుంది. అమ్మకు 10 అయ్యాక కూడా గుండె దడ తగ్గట్లేదన్నారు కదా, ఆగిందా, మళ్ళీ మొదలవుతుందా అని చెవులు అటే ఉంటే అట్లాగే ఉంటుంది.

అందుకే హాల్‌వాళ్ళను ఒకటి తప్పకుండా అడగండి: ప్రతి నెలా బుకింగ్‌ల తేదీలు కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టమనండి. పైన చెప్పిన కాలనీలో అన్ని మార్పుల్లోకీ ఎక్కువ పనికొచ్చింది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. ముహూర్తాలు ఎట్లాగూ ఏడాదంతా ఉండవు. ఆషాఢం, పుష్యం, మూఢం రోజులు ఖాళీ. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, వీటిల్లో బరువు ఎక్కువ. మీకు కష్టమైనది మాఘ ఫాల్గుణాలు, సరిగ్గా ఇంటర్ పరీక్షలు అప్పుడే పడతాయి. తేదీలు ముందే తెలిస్తే ఆ రాత్రులు పాప మీ చెల్లెలి ఇంట్లో చదువుకోవచ్చు, అమ్మను రోడ్డు వైపు గదిలో పడుకోబెట్టొచ్చు. పరీక్షల ముందురోజు రాత్రుల వరకు డీజే 9కే ఆపమని అడగండి. పిల్లల పరీక్షలు అంటే మన దగ్గర కాదనే ఓనర్ అరుదు, వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలుంటారు.

ఇంట్లో మీరు చేసుకోగలిగినది కూడా ఉంది. మూడు ట్రాక్‌ల అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు ఉంటే వాటి సందుల్లోంచే చాలా చప్పుడు వస్తుంది. అమ్మ గదికి ఒక్కదానికే గట్టిగా మూసుకునే రెక్క కిటికీ, మందం అద్దం, చుట్టూ రబ్బరు సీల్ పెట్టించండి. పాటలు, మాటలు, హారన్లు బాగా తగ్గుతాయి. బేస్ మాత్రం పెద్దగా తగ్గదు, ఎవరైనా తగ్గుతుందని చెప్పి ఖరీదైన ఫోమ్ షీట్లు అంటగడితే కొనకండి.

ఈ ఖర్చు ఎవరు పెట్టాలన్నది న్యాయమైన ప్రశ్న. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2014లో, ఇంగ్లండ్‌లో 2018లో ప్లానింగ్ నిబంధనల్లో ఒక పద్ధతి పెట్టారు, ఉన్న పరిస్థితిని మార్చేలా కొత్తగా వచ్చినవాళ్ళే జాగ్రత్త బాధ్యత తీసుకోవాలని. పాత సంగీతం హాల్ పక్కన కొత్త అపార్ట్‌మెంట్ కడితే బిల్డరే శబ్దం ఆగే కిటికీలు పెట్టాలి, పాత ఇళ్ళ మధ్య కొత్త హాల్ వస్తే హాల్‌వాళ్ళే గోడలు, కప్పు కట్టుకోవాలి. మన దగ్గర అట్లాంటి నిబంధన లేకపోయినా మాట్లాడేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. మీ విషయంలో హాల్ మీ అపార్ట్‌మెంట్ కంటే పాతదని మీరే రాశారు, కాబట్టి అక్కడ మీరు కొంచెం తగ్గి మాట్లాడండి. రెస్టారెంట్ మీ తర్వాత వచ్చింది, అక్కడ గట్టిగా అడగండి. రాత్రి 10 తర్వాత మాత్రం ఎవరు ముందు, ఎవరు వెనుక అనేది లేదు.

బతుకమ్మ, బోనాలు, నిమజ్జనం, వీటన్నిటినీ ఈ లెక్కలో కలపకండి. ఒక కాలనీలో ఇదే తప్పు చేశారు, బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల రోజు ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి పాడుకుంటుంటే పోలీసులకు ఫోన్ చేశారు, ఆ తర్వాత వాళ్ళు ఏ ఫిర్యాదు ఇచ్చినా ఊరు వాళ్ళ పక్కన నిలబడలేదు. బతుకమ్మ పాటకు డీజే అక్కర్లేదని నేనూ అంటాను, సౌండ్ వాణ్ణై ఉండి కూడా అంటాను, కానీ అది పండుగ చేసుకునేవాళ్ళతో కూర్చుని మాట్లాడుకోవాల్సింది.

కాగితాల సంగతికి వస్తే, ఒక నోట్‌బుక్ పెట్టండి: తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, 100కు ఎప్పుడు చేశారు, ఎవరు వచ్చారు, మళ్ళీ ఎప్పుడు పెట్టారు. ఫోన్ యాప్‌లో కొలత తీసుకోండి కానీ అది మీ లెక్క కోసమే, ఫోన్ మైకు బేస్‌ను సరిగ్గా పట్టదు, సాక్ష్యంగా నిలబడదు. గోడ దగ్గర నిలబడి గడియారం కనపడేలా వీడియో తీస్తే అది ఎక్కువ పనికొస్తుంది. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో స్టేషన్‌లో ఆ తేదీలకు లౌడ్‌స్పీకర్ అనుమతులు ఇచ్చారా, ఏ షరతులతో అని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నిబంధనల ప్రకారం ఫిర్యాదు తీసుకుని చర్య తీసుకోగలిగిన అధికారి ఏసీపీ (అసిస్టెంట్ పోలీస్ కమిషనర్) స్థాయికి తగ్గకూడదు, కాబట్టి దరఖాస్తు ఏసీపీ పేరున రాయండి, ఒక ప్రతి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, ఒకటి సోమవారం ప్రజావాణిలో. మీ ఒక్కరి సంతకంతో కాదు, కనీసం పది ఇళ్ళ సంతకాలతో. వీటికీ కదలకపోతే అప్పుడు లాయర్ దగ్గరికి పోండి, ప్రజలకు ఇబ్బంది కలిగించే పనిని ఆపమని ఆదేశించే అధికారం పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 152 కింద మెజిస్ట్రేట్‌కు ఉంది, ఈ నోట్‌బుక్ అక్కడ పనికొస్తుంది.

ఓనర్ దగ్గరికి ఎప్పుడు పోవాలంటే, ఫంక్షన్ నడుస్తున్న రాత్రి మాత్రం కాదు. బుకింగ్ లేని రోజు చూసుకుని పొద్దున 11కు పోండి. అమ్మ డిశ్చార్జ్ కాగితం, పాప పరీక్షల టైంటేబుల్ వెంట తీసుకెళ్ళండి. కాలనీనుంచి ఒక పెద్దాయనను, వీలైతే ఒక పెద్దమ్మను తీసుకెళ్ళండి, ఎక్కువమంది వద్దు. ముందుగా అతన్ని మీ ఇంటికి ఒక ఫంక్షన్ రోజు రాత్రి 9:30కు వచ్చి అమ్మ గదిలో పది నిమిషాలు కూర్చోమని అడగండి. నేను చూసిన హాళ్ళలో ఓనర్ అట్లా వచ్చి కూర్చున్న ప్రతిచోటా ఏదో ఒకటి మారింది. వస్తానంటే లిమిటర్, బాక్సుల దిక్కు విషయంలో ఏం అడగాలో తెలుసుకోవడానికి నాకు ఇక్కడే రాయండి, హాల్ కొలతలు, లాన్ ఎటు ఉంది, స్టేజీ ఎటు ఉంది చెప్తే ఎక్కడ ఏం పెట్టించాలో గీసి పంపుతాను.